దొర గాలం, మన చెరువు

మహాశీర్ చేప నోరు తెరిచి చూస్తే ఒక్క పన్నూ కనబడదు. దళసరి పెదవులు, లోపలంతా నునుపు. అయినా నత్తగుల్లల్ని, పీతల్ని పిండి చేసి మింగుతుంది. గట్టి గాలాన్ని సైతం నలిపి వదిలేస్తుందని దాన్ని పట్టినవాళ్లు చెబుతారు. దానికి పళ్లు లేక కాదు, ఉన్నవి గొంతులో. మొప్పల వెనక వంపు తిరిగిన రెండు ఎముకలు, వాటి మీద మూడు వరుసల పళ్లు. పైన, పుర్రె అడుగున ఒక గట్టి దిమ్మ. నోటితో పీల్చుకున్నదాన్ని ఆ రెంటి మధ్యకు తెచ్చి నలిపేస్తుంది.

ఇది మహాశీర్ ఒక్కదాని గొప్ప కాదు. మనం వారం వారం తినే శీలావతి, బొచ్చె కూడా ఆ కుటుంబానివే. ఈసారి చేప కోయించుకునేటప్పుడు తలను పారేయనివ్వకండి. మొప్పలు తీసేశాక గొంతు మొదట్లో వేలు పెడితే గరుగ్గా తగులుతుంది. పులుసులో ఉడికాక తీయడం ఇంకా తేలిక. వేలెడు కూడా ఉండని వంకర ఎముక, దాని లోపలి అంచున చిన్న చిన్న పళ్లు. కొన్ని సూదిగా ఉండవు, నమిలి నమిలి పైన చదునైపోయి ఉంటాయి. పులుసులో తలకాయ నాకంటే నాకని పోటీపడే ఇళ్లలో కూడా దీన్ని పరకాయించి చూసినవాళ్లు తక్కువ. ముల్లనుకుని కంచం పక్కన పెట్టేస్తారు.

ఈ గొంతు పళ్ల సంగతిని గాలం వేసేవాళ్లకు విడమరిచి చెప్పిన పాత పుస్తకం ఒకటుంది. 'ద రాడ్ ఇన్ ఇండియా'. 1873లో మంగళూరులో అచ్చయింది. రాసినవాడు హెన్రీ సలివన్ థామస్, మద్రాస్ సివిల్ సర్వీసు అధికారి, దక్షిణ కెనరా జిల్లాకు కలెక్టరుగా చేసినవాడు. ఆ పుస్తకం 1881లో ఒకసారి, 1897లో ఒకసారి మళ్లీ వచ్చింది. మధ్యలో 1887లో 'ట్యాంక్ ఆంగ్లింగ్ ఇన్ ఇండియా' అని ఇంకోటి రాశాడు, అది పూర్తిగా చెరువుల మీద. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలో మన కోస్తా, రాయలసీమ కూడా ఉన్నాయి. చెరువుల గురించి రాయడానికి ఇంతకన్నా అనువైన నేల ఆ దొరకు ఎక్కడ దొరుకుతుంది?

పాత గాలం పుస్తకాల్లో సగం సొంత డప్పు. చేప ఎంత బరువుంది, ఎంతసేపు లాగింది, ఆఖరి క్షణంలో ఎలా తప్పించుకుంది. ఆ పేజీలు నేను గబగబా తిప్పేస్తాను. మిగతా సగం కోసమే వాటిని చదవాలి. చేపల జీవిత విశేషాలు, వాటి పెంపకం కూడా ఇందులో ఉంటాయని థామస్ పుస్తకం పేరులోనే చేర్చుకున్నాడు. పట్టాలంటే ముందు అది ఏం తింటుందో, ఎండాకాలం ఎక్కడ తలదాచుకుంటుందో, ఏ నీటికి ఎదురెక్కుతుందో తెలియాలి. ఈ పుస్తకాల్లో 'ఎక్కడ' అన్నది ఎప్పుడో పాతబడింది. అప్పటి మడుగు మీద ఇప్పుడు జలాశయం నిలిచింది, అప్పటి ఇసుక దిబ్బ లారీలెక్కి వెళ్లిపోయింది. 'ఎందుకు' అన్నది మాత్రం చెక్కుచెదరలేదు. నీళ్లను చూసి చేప జాడ చెప్పగలిగేవాడికి నూట యాభై ఏళ్ల నాటి పుస్తకం ఇప్పటికీ పనికొస్తుంది.

మహాశీర్ సంగతే చూడండి. తొలి వరద రాగానే పెద్ద చేపలు నది విడిచి వాగుల్లోకి ఎదురెక్కుతాయి. ఎండాకాలంలో ఆ వాగుల్లో వాటి వీపు మునిగే నీళ్లు కూడా ఉండవు. కొత్త నీటితో కొత్త మేత వస్తుంది, గుడ్లు పెట్టడానికి రాళ్లూ గులకలూ ఉన్న చల్లని పారుదల దొరుకుతుంది. వానలు వెనకబడగానే మళ్లీ నదిలోని లోతు మడుగులకు దిగిపోతాయి. గుడ్లన్నీ ఒకేసారి పెట్టదని, విడతలు విడతలుగా పెడుతుందని థామస్ రాశాడు. ఇందులో పెద్ద తెలివే ఉంది. కొండవాగుకు వరద ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. ఒక విడతను వరద ఊడ్చుకుపోయినా ఇంకో విడత మిగులుతుంది. పైగా మహాశీర్ గుడ్లు సంఖ్యలో తక్కువ, పరిమాణంలో పెద్దవి. లక్షలకు లక్షలు పెట్టి వదిలేసే శీలావతి దారి వేరు, దీని దారి వేరు. ఇది తెలిసినవాడు వానలు తగ్గుముఖం పట్టాక ఏ వాగు నదిలో ఎక్కడ కలుస్తుందో అక్కడికి వెళ్తాడు. పిల్ల చేపలు దిగివచ్చే దారి అదే. వాటికోసం పెద్దవి కాచుకునేదీ అక్కడే.

సాల్మన్ కంటే మహాశీరే గట్టి పోటీ ఇస్తుందని స్వదేశంలో సాల్మన్ పట్టిన పాఠకులకు చెప్పి థామస్ ఆశ్చర్యపరిచాడు. ఆ మాట పట్టుకుని దొరలు కావేరి బాట పట్టారు. కావేరిలో ఉండేది వీపు మీద గూను ఉన్న మహాశీర్. 1946లో మైసూరు దగ్గర కబిని నదిలో వాన్ ఇంగెన్ అనే ఆయన పట్టిన చేప 120 పౌన్లు తూగింది, అంటే సుమారు 54 కిలోలు. ఆ బరువు ఇప్పటికీ గాలం లోకంలో తలమానికమే. ఇంత పేరున్న ఆ చేపకు 2018 దాకా శాస్త్రవేత్తల దగ్గర సరైన పేరు లేదు! ఫొటోలున్నాయి, కథలున్నాయి, ఏ జాతో తేల్చిన కాగితం లేదు. చివరికి 2007లో కేరళలోని పంబార్ నది చేపకు పెట్టిన 'టార్ రెమాదేవి' అన్న పేరే దీనికీ చెందుతుందని 2018లో తేల్చారు. పేరు కుదిరిన ఏడాదే అది అంతరించే అంచున ఉన్న జాతుల జాబితాలో చేరింది.

దీనికి కారణాల్లో ఒకటి మన వైపు నుంచి వెళ్లింది. నీలి రెక్కల మహాశీర్ కృష్ణా పరీవాహకపు చేప. 1839లో కర్నల్ సైక్స్ దాన్ని పుణె దగ్గరి ములా ముఠా నదిలో చూసి వర్ణించాడు. ఆ నీళ్లు భీమాలో కలిసి, కృష్ణలో చేరి మన దాకా వస్తాయి. లోనావలాలోని హేచరీలో ఆ చేప పిల్లల్ని పుట్టించి, మంచి ఉద్దేశంతోనే కావేరితో సహా అనేక నదుల్లో వదిలారు. అది కావేరిలో స్థిరపడింది. అక్కడి గూను చేప తగ్గిపోయింది. ఈ సంగతి బయటపెట్టినవి గాలం వేసేవాళ్ల లెక్కల పుస్తకాలే. 1998 నుంచి 2012 వరకు కావేరి ఒడ్డు గాలం క్యాంపుల్లో పట్టి, తూచి, మళ్లీ నీళ్లలో వదిలిన ఆరు వేలకు పైగా మహాశీర్ల వివరాలు అక్కడ రాసి ఉన్నాయి. పరిశోధకులు వాటిని ముందేసుకుని చూస్తే చేపల సంఖ్య పెరుగుతోంది, గూను చేప వాటా పడిపోతోంది. నది ఒడ్డున పొద్దుపోక రాసుకున్న కాగితాలే ఒక జాతికి సాక్ష్యమయ్యాయి.

నదుల మాట అలా ఉంచితే, మనలో ఎక్కువమందికి చేతికందేది చెరువు. నదిని చదవడం కంటే చెరువును చదవడం కష్టం. నదికి వడి ఉంటుంది, సుడి ఉంటుంది, రాయి వెనక నీడ ఉంటుంది. చెరువు చూడ్డానికి అంతా ఒక్కటే, తూము దగ్గర నుంచి అలుగు దాకా ఒకే నీళ్లు. ఇక్కడ చూపు నిలపాల్సింది చిన్న చిన్న వాటి మీద.

మొదటివి బుడగలు. అడుగున బురదలో ఊరికే పుట్టే వాయువు ఒకేచోట నుంచి, పెద్ద బుడగగా, ఉండి ఉండి వస్తుంది. చేప బురద తవ్వుతుంటే లేచే బుడగలు సన్నవి, గుంపుగా వస్తాయి, పైగా అవి కదులుతుంటాయి. ఆ కదలిక ఎటు సాగుతోందో చూసి, దానికి కాస్త ముందు ఎర దించి, బెండు మీద కన్నేసి కూర్చోవాలి. తాబేలు కూడా ఇలా బుడగలు వదులుతూ పోతుంది. ఎన్ని ఎరలు పోగొట్టుకున్నా ఆ తేడా పసిగట్టలేనివాళ్లున్నారు.

రెండోది తెల్లవారుజాము. పొద్దు పొడవకముందే చెరువుకు వెళ్తే అక్కడక్కడా చేపలు నోళ్లు పైకి పెట్టి గుటకలు వేస్తూ కనిపిస్తాయి. కొత్తవాడు ఆకలి మీదున్నాయనుకుంటాడు. అవి ఊపిరాడక పైకి వచ్చినవి. పగలు నాచు, నీటి మొక్కలు ఎండలో ప్రాణవాయువును విడుదల చేస్తాయి. రాత్రంతా అవీ చేపలూ కలిసి దాన్ని వాడేసుకుంటాయి. అందుకే తెల్లవారే వేళకు నీటిలో ప్రాణవాయువు అడుగంటుతుంది. ఊపిరికే తంటాలు పడుతున్న చేప ఎర ముట్టదు. ఎండ కాస్త ఎక్కేదాకా ఆగాలి. మబ్బు పట్టి గాలి స్తంభించిన రోజు ఇంకాస్త ఎక్కువసేపు.

మూడోది గాలి. రోజల్లా గాలి ఏ ఒడ్డుకు కొడుతుందో, పైన తేలే మేతంతా అక్కడికే చేరుతుంది, చిన్న పరిగెలు దాని వెనకే వస్తాయి, వాటి వెనక వాలుగ వస్తుంది. చల్లగా ఉందని గాలి తగలని గట్టున కూర్చుంటే ఒంటికి సుఖమే, బుట్ట నిండదు.

ఇక అలుగు. చెరువు నిండి అలుగు పారిన రోజు ఊళ్లో సగం మంది అక్కడే ఉంటారు. పారే నీటికి చేప ఎదురెక్కుతుందని చెప్పడానికి మన పిల్లలకు పుస్తకం అక్కర్లేదు. కానీ అదెందుకో ఎంతమందికి తెలుసు? బొచ్చె, శీలావతి, ఎర్రమోసు నిలవ నీటిలో ఎంత పెరిగినా, కడుపు నిండా గుడ్లున్నా, అక్కడ పెట్టవు. వాటికి వరద పారుదల కావాలి. అది దొరక్కపోతే ఆ గుడ్లు లోపలే కరిగిపోతాయి. అందుకే ఒకప్పుడు చెరువుల్లో వదలడానికి పిల్లల్ని నదుల్లోంచి ఏరి తెచ్చేవారు. 1957 జులై 10న ఒడిశాలో హీరాలాల్ చౌధురి, అలికున్హి చేప మెదడు కింది పిట్యూటరీ గ్రంథి రసం ఎక్కించి, నది లేకుండానే గుడ్లు పెట్టించారు. ఏటా ఆ తేదీన జాతీయ చేపల రైతుల దినం జరుపుకుంటున్నది అందుకే. ఈ రోజు లారీల్లో వచ్చి మన చెరువుల్లో పడే ప్రతి పిల్లా ఆ ప్రయోగం చలవే.

థామస్ చూసిన చెరువుకీ మన చెరువుకీ ఇక్కడే పెద్ద తేడా. ఆయన కాలానికి తిలాపియా లేదు, అది మన దేశానికి 1952లో వచ్చింది. గడ్డి చేప, వెండి చేప లేవు. ఎవరింటి అక్వేరియంలోంచో జారుకుని వలలు చింపుతున్న దెయ్యం చేప లేదు. తిలాపియా అడుగున గుంటలు తవ్వి గుడ్లు పెట్టి, వాటిని నోట్లో దాచుకుని పొదుగుతుంది. పుట్టినవాటిలో ఎక్కువ బతుకుతాయి గనుక చెరువును అదే ఆక్రమిస్తుంది. పాత పుస్తకం పట్టుకుని వెళ్లినవాడికి బెండు మునిగిందంటే నూటికి తొంభై పాళ్లు అరచేతంత తిలాపియాయే. పుస్తకం తప్పు కాదది. నీళ్లు మారాయి.

పుస్తకంలో తప్పు మరోచోట ఉంది. ఏ చేప ఎక్కడ దాక్కుంటుందో దొరలకు మొదట చూపించినవాళ్లు బెస్తలు, గంగపుత్రులు, జాలర్లు. వాళ్లు ఆ పేజీల్లో 'ఒక స్థానికుడు'గా మిగిలిపోయారు. ఈ విషయంలో విశాఖపట్నం కాస్త అదృష్టం చేసుకుంది. థామస్ కంటే దాదాపు వందేళ్ల ముందు, 1780లలో, ప్యాట్రిక్ రస్సెల్ అనే వైద్యుడు అక్కడ ఉండేవాడు. రక్తపింజరిని ఇంగ్లీషులో ఈయన పేరుతోనే పిలుస్తారు. విశాఖ తీరంలో దొరికిన రెండు వందల చేపలకు బొమ్మలు గీయించి, అక్కడి జాలర్లు పిలిచే పేర్లతో సహా 1803లో లండన్‌లో రెండు సంపుటాలుగా అచ్చు వేయించాడు. మనుషుల పేర్లు అందులోనూ లేవు. వాళ్ల నోటి మాటన్నా మిగిలింది.

థామస్‌ను మరీ ఆడిపోసుకోనక్కర్లేదు. కన్నం చిన్నదైన వలలతో వేలెడు పిల్లల్ని కూడా ఊడ్చేయడం, వేసవి మడుగుల్లో విషం కలపడం వల్ల చేప ఎలా నాశనమవుతోందో ఆయన గోల పెట్టాడు. దక్షిణ కెనరాలో చేపల పెంపకంపై 1870లోనే నివేదిక రాశాడు. నీళ్లలో విషం కలిపి, మందుగుండు పేల్చి చేపలు పట్టడాన్ని నేరం చేస్తూ 1897లో భారత మత్స్య చట్టం వచ్చింది. నూట పాతికేళ్లు దాటినా వాగుల్లో టపాసుల మోత ఆగలేదు. ఇప్పుడు కరెంటు తీగలు కూడా తోడయ్యాయి.

ఇక అచ్చు పుస్తకం కన్నా చెరువుగట్టే బాగా నేర్పే పాఠం కొర్రమీనుది. తెలంగాణ రాష్ట్ర చేప. మృగశిర కార్తె రోజు హైదరాబాద్‌లో చేపమందులో మింగించేది దీని పిల్లనే. దీనికి మొప్పలున్నా అవి చాలవు. తల లోపల, మొప్పలకు పైన గాలి నింపుకునే గది ఉంది. ఉండి ఉండి పైకి వచ్చి గుక్కెడు గాలి మింగి వెళ్లాలి. వలలో చిక్కి పైకి రాలేకపోతే నీళ్లలోనే ఊపిరాడక చస్తుంది. అదే తడి బురదలో అయితే చెరువెండినా చాలాకాలం ప్రాణం నిలుపుకుంటుంది. కలువలున్న చోట నీరు కదలకుండా ఉండి, ఒక్కసారిగా గుబుక్కున మోగి వలయం లేచిందంటే అది కొర్రమీను ఊపిరి. ఆ చోటు గుర్తు పెట్టుకుంటే చాలు, కాసేపటికి ఆ దగ్గర్లోనే మళ్లీ లేస్తుంది.

వానాకాలంలో అంచు నీళ్లలో నాచును, తూడును నోటితో, తోకతో పక్కకు నెట్టి అది గుండ్రంగా కాస్త చోటు చేసుకుంటుంది. చుట్టూ గడ్డి కట్టలా పేరుకుంటుంది. మధ్యలో పైన తేలుతూ తేనెరంగు గుడ్లు. ఒక్కో గుడ్డులో నూనె చుక్క ఉంటుంది, అదే దాన్ని తేలుస్తుంది. ఒకటి రెండు రోజుల్లో పిల్లలు బయటికి వస్తాయి. కొన్నాళ్లకు అవి ఎర్రబారి, వందలుగా ముద్దకట్టి తిరుగుతాయి. వాటికీ గాలి కావాలి కదా, ఉండుండి అన్నీ కలిసి పైకి లేస్తాయి. అప్పుడు ఆ బెత్తెడు నీరు పొయ్యి మీద ఎసరు మరిగినట్టు కుతకుతమంటుంది, ఎర్రగా మెరుస్తుంది, వెంటనే సద్దుమణుగుతుంది. కిందనే, నీడలో కదలకుండా తల్లో తండ్రో కాపలా. కప్ప దూకినా, పాము వచ్చినా, ఆఖరికి మనిషి కాలు పెట్టినా ఒక్క ఉదుటున మీదికొస్తుంది. రెండంగుళాలు దాటి ఎరుపు పోయి ఒళ్లు నల్లబడేదాకా ఆ కాపలా సాగుతుంది.

గాలం వేసేవాళ్లకు ఈ సంగతి తెలుసు. అసలు ఇబ్బందంతా అక్కడే. ఎర్ర ముద్ద మీదుగా గాలానికి గుచ్చిన కప్పను లాగితే పెద్ద చేప తప్పకుండా కొరుకుతుంది. ఆకలికి కాదు, పిల్లల మీదికి వచ్చిందన్న కోపానికి. దానికంటే తేలికైన వేట లేదు, అంతకంటే నీచమైనదీ లేదు. పెద్దది బుట్టలో పడిన గంటలోపే లకుముకి పిట్టలు, నీటి పాములు, పరిగెలు ఆ ముద్దను ఖాళీ చేస్తాయి. కిలోన్నర కూర కోసం చెరువు రాబోయే ఏడాదికి దాచుకున్నదంతా పోతుంది.

థామస్ పుస్తకాలకు కాపీరైట్ తీరి చాలాకాలమైంది, డిజిటల్ లైబ్రరీల్లో ఉచితంగా దొరుకుతాయి, ఓపికుంటే చదవండి. చదివినా చదవకపోయినా, మీ ఊరి చెరువుకు ఒక నోటుబుక్కు కేటాయించండి. అలుగు ఏ రోజు పారింది, ముందు ఏ చేప ఎదురెక్కింది, తిలాపియా ఏ ఏడు వచ్చింది, ఏ చేప కనిపించడం మానేసింది. గట్టు మీది పెద్ద జాలరిని అడిగి, ఆయన పేరుతో సహా రాసుకోండి. ఇక వానాకాలంలో అంచు నీళ్లలో ఎర్రటి పిల్లల ముద్ద కనిపిస్తే అక్కడ గాలం వేయకండి, వేస్తున్నవాళ్లను వేయనివ్వకండి.